ఈపీఓ వేస్తున్నా రక్తం పట్టడం లేదేం?

పాఠకుల ప్రశ్నలు – కిడ్నీ వైద్య బృందం జవాబులు

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువాళ్ళ నుంచి, పక్కనే ఉన్న ఇచ్ఛాపురం నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారం ఒకటే. డయాలసిస్ నడుస్తోంది, రక్తం పెంచే ఈపీఓ (ఎరిత్రోపోయిటిన్) ఇంజెక్షన్లు పడుతున్నాయి, రక్తం మాత్రం పెరగడం లేదు. రక్తం తక్కువ అనగానే మన ఇళ్ళలో గుర్తొచ్చేది ఐరన్. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు ఐరన్‌తో పాటు జింకు, రాగి, అల్యూమినియం లెక్క కూడా చూడాలి. కొన్ని తక్కువైతే చేటు, కొన్ని ఎక్కువైతే చేటు. ఒకదాన్ని పెంచబోతే ఇంకొకటి పడిపోవడమూ ఉంది.

ప్రశ్న: మా మామగారికి 62 ఏళ్ళు, బరువు 55 కిలోలు. మూడేళ్ళుగా వారానికి రెండుసార్లు డయాలసిస్. ఈపీఓ 4000 యూనిట్లది వారానికి రెండు వేయిస్తున్నాం. హిమోగ్లోబిన్ 7.8 దాటడం లేదు. ఫెరిటిన్ 860 ఉంది కాబట్టి ఐరన్ వద్దని ఒకరు, ఎక్కించాల్సిందేనని ఇంకొకరు అంటున్నారు. ఇంట్లో బీట్‌రూట్ రసం, ఖర్జూరం పెడుతున్నాం. – ఒక కోడలు, పర్లాకిమిడి

జవాబు: బీట్‌రూట్ రసం, ఖర్జూరం ఈరోజే ఆపండమ్మా. వంద గ్రాముల ఖర్జూరంలో పొటాషియం 650 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, బీట్‌రూట్‌లో 300 పైన. వారానికి రెండే డయాలసిస్‌లు అయితే మధ్యలో మూడు నాలుగు రోజుల ఎడం వస్తుంది. ఆ ఎడంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. రక్తం పట్టాలని ప్రేమతో పెట్టిందే ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక ఫెరిటిన్ సంగతి. ఫెరిటిన్ గాదెలో ఉన్న ధాన్యం లెక్క. ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ అనే అంకె వంటింటికి చేరిన బియ్యం లెక్క. గాదె నిండుగా ఉన్నా తలుపుకు తాళం పడితే అన్నం ఉడకదు. ఒంట్లో ఎక్కడైనా ఇన్ఫెక్షనో, వాపో ఉంటే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. ఆ తాళం వేసేది అదే. అదే వాపు ఫెరిటిన్ అంకెను కూడా పైకి లాగుతుంది. అందుకే 860 చూసి ఐరన్ దండిగా ఉందనుకోవడం పొరపాటు. మిగతావి చూడకుండా ఎక్కించడం అంతకంటే పెద్ద పొరపాటు.

సీరం ఐరన్, టీఐబీసీ (రక్తం మొత్తం ఎంత ఐరన్‌ను మోయగలదో చెప్పేది) రెండూ చేయించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి వందతో గుణిస్తే సాచురేషన్ శాతం వస్తుంది. ఐరన్ 38, టీఐబీసీ 200 అయితే 19 శాతం. 20 కంటే తక్కువంటే మూలుగకు ఐరన్ అందడం లేదన్నమాట. మామూలుగా ఫెరిటిన్ 500 లోపు, సాచురేషన్ 30 శాతం లోపు ఉంటే ఐరన్ సుక్రోజ్‌ను డయాలసిస్‌కు 100 మి.గ్రా. చొప్పున పదిసార్లు, మొత్తం 1000 మి.గ్రా. ఎక్కిస్తారు. ఫెరిటిన్ 500 దాటితే ముందు ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ పరీక్ష చూసి, తాళం ఎక్కడ పడిందో వెతకాలి. మెడలో క్యాథెటర్, చిగుళ్ళలో చీము, షుగరు ఉంటే పాదాల పుండు, దీర్ఘకాలపు దగ్గు ఉంటే టీబీ, ఇవన్నీ చూడాలి. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్న రోజుల్లో ఐరన్ ఎక్కించకూడదు. ఇవేవీ లేకుండా సాచురేషన్ తక్కువే ఉంటే, 860 ఉన్నా ఇవ్వాలని నెఫ్రాలజిస్టు నిర్ణయించవచ్చు. కాబట్టి మీకు సలహా చెప్పిన ఇద్దరూ సగం సగం నిజమే చెప్పారు. పరీక్షకు రక్తం చివరి ఐరన్ డోసు తర్వాత కనీసం వారం ఆగి, ఆ రోజు డయాలసిస్ మొదలయ్యే ముందు తీయించండి.

ఈపీఓ మోతాదు కూడా లెక్క వేద్దాం. వారానికి 8000 యూనిట్లు, 55 కిలోల మనిషికి కిలోకు 145. మొదలుపెట్టే మోతాదే కిలోకు 50 నుంచి 100 చొప్పున వారానికి మూడుసార్లు, అంటే వారం మొత్తానికి 150 నుంచి 300. మందు పనిచేయడం లేదని తేల్చే ముందు, చాలినంత పడుతోందా అని అడగాలి. అలాగని ఒక్కసారిగా పెంచకూడదు. నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ 2 గ్రాములకు మించి పెరిగితే మోతాదు తగ్గించాలి. 10 నుంచి 11.5 మధ్య ఉంటే చాలు. 2006–2009 మధ్య వచ్చిన పెద్ద అధ్యయనాల్లో 13 దాకా తీసుకెళ్ళాలని చూసినప్పుడు పక్షవాతం వంటి ప్రమాదాలు బయటపడ్డాయి.

డయాలసిస్ ముగిశాక డయాలైజర్, అంటే రక్తాన్ని వడపోసే గొట్టం, ఎలా ఉందో కూడా చూడండి. తెల్లబడకుండా ఎర్రటి చారలు మిగులుతున్నాయంటే ప్రతిసారీ రక్తం అందులో చిక్కిపోతోంది. ఇలా పోయేదీ, పరీక్షలకు తీసేదీ కలిపి ఏడాదికి 1 నుంచి 2 గ్రాముల ఐరన్ ఒంట్లోంచి వెళ్ళిపోతుంది. చారలు ఎక్కువగా ఉంటే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మోతాదు, చివర్లో సెలైన్‌తో రక్తం వెనక్కి పంపే తీరు సరిచూడమని టెక్నీషియన్‌ను అడగండి.

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్ళు, డయాలసిస్ మీద ఉంది. నిరుడు నోరు చప్పబడి అన్నం సయించక, జుట్టు రాలుతుంటే మందుల షాపులో జింకు మాత్రలు ఇచ్చారు. 50 మి.గ్రా.వి రోజుకు రెండు, ఎనిమిది నెలలుగా వాడుతోంది. నోటి రుచి తిరిగొచ్చింది. కానీ ఇప్పుడు తెల్లకణాలు 2,100కి, హిమోగ్లోబిన్ 10.2 నుంచి 8కి దిగాయి. కాళ్ళు తిమ్మిరి, చీకట్లో నడిస్తే తూలుతోంది. బి12 బాగానే ఉంది. మూలుగ పరీక్ష చేయాలంటున్నారు. – ఒక కొడుకు, బరంపురం

జవాబు: జింకు మాత్ర ఇక ఒక్కటి కూడా వేయకండి. మీరు రాసిన లక్షణాలన్నీ కలిపి చూస్తే రాగి కొరత అనిపిస్తోంది. మూలుగ పరీక్షకు ముందు సీరం కాపర్, సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రోటీన్), సీరం జింక్ చేయించమని మీ డాక్టరును అడగండి.

జింకు పేగు గోడ కణాల్లోకి వెళ్ళినప్పుడు అక్కడ మెటలోథయోనిన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. ఆ ప్రోటీన్‌కు జింకు కంటే రాగి మీద పట్టు ఎక్కువ. తిండిలోని రాగిని పట్టుకుని కణంలోనే ఉంచేస్తుంది. పేగు పైపొర కణాలు కొద్ది రోజులకే రాలిపోతాయి, వాటితో పాటు రాగీ బయటికి పోతుంది. రాగి లేకపోతే ఐరన్ నిల్వల్లోంచి కదలదు, మూలుగలో తెల్లకణాల తయారీ మందగిస్తుంది, వెన్నుపాము నరాలు దెబ్బతింటాయి. తిమ్మిర్లు, చీకట్లో తూలడం బి12 కొరతలోనూ అచ్చం ఇలాగే ఉంటాయి, అందుకే చాలామంది అక్కడే ఆగిపోతారు. మూలుగ పరీక్షలో కణాల లోపల బుడగల వంటి ఖాళీలు, ఐరన్ ఉంగరాలు కట్టిన కణాలు కనిపిస్తాయి. దాన్ని ఎండీఎస్ అనే రక్త వ్యాధిగా పొరబడిన సందర్భాలు వైద్య పత్రికల్లో చాలా ఉన్నాయి. కాబట్టి జింకు వాడకం సంగతి పరీక్ష చేసేవాళ్ళకు కచ్చితంగా చెప్పాలి.

మొదట జింకు వేయడం తప్పా అంటే, కాదు. డయాలసిస్ రోగుల్లో జింకు కొరత మామూలే. మాంసం, పాలు తగ్గించి తింటారు. భోజనంతో వేసుకునే, ఫాస్ఫరస్ తగ్గించే మాత్రలు జింకును పట్టుకుంటాయి. ఆల్బుమిన్ తక్కువైతే రక్తంలో దాన్ని మోసేది తగ్గుతుంది. నోటి రుచి పోవడం, పుండ్లు మానకపోవడం, జుట్టు రాలడం దాని గుర్తులే. తప్పు జరిగింది మోతాదులో, కాలంలో. ఆరోగ్యవంతులకే రోజుకు 40 మి.గ్రా. పైహద్దు. అమ్మకు పడింది 100. అదీ ఎనిమిది నెలలు, మధ్యలో ఒక్క పరీక్ష లేకుండా. మాత్ర మీది అంకె కూడా చూసుకోవాలి: జింక్ సల్ఫేట్ 220 అని ఉంటే అందులో అసలు జింకు 50 మి.గ్రా.

కొరత తేలినవాళ్ళకు రోజుకు 25 నుంచి 50 మి.గ్రా. అసలు జింకు, మూడు నెలల గడువు పెట్టుకుని ఇవ్వడం సబబు. మొదలుపెట్టే ముందు, తర్వాత రెండు మూడు నెలలకోసారి జింకు, రాగి రెండూ చూడాలి. ఐరన్ మాత్రకు, ఫాస్ఫరస్ మాత్రకు రెండు గంటల ఎడం ఉంచాలి.

పరీక్ష సరిగా రావాలంటే రక్తం పరగడుపున, డయాలసిస్‌కు ముందు, ముదురు నీలం మూత ఉన్న గొట్టంలో తీయాలి. మామూలు గొట్టాల రబ్బరు మూతల్లోనే జింకు ఉంటుంది. రక్తకణాలు చితికినా జింకు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. జింకు 70–120, రాగి 70–140 మైక్రోగ్రాములు ప్రతి డెసిలీటరుకు మామూలు. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు రాగి అంకె పెరుగుతుంది, జింకు అంకె తగ్గుతుంది. సీఆర్‌పీ ఎక్కువగా ఉండి రాగి 75 వస్తే దాన్ని బాగుందని వదిలేయకూడదు.

కొరత తేలితే జింకు ఆపి, సాధారణంగా రోజుకు 2 మి.గ్రా. రాగితో మొదలుపెడతారు. రక్తకణాలు ఒకటి నుంచి మూడు నెలల్లో కోలుకుంటాయి. నరాలు అంత తేలిగ్గా కోలుకోవు, తిమ్మిరి కొంత మిగిలిపోవచ్చు. ఆలస్యం వద్దంటున్నది అందుకే. తిండిలో రాగికి జీడిపప్పు మంచిదే. పది పలుకుల్లో, అంటే సుమారు 15 గ్రాముల్లో, 0.3 మి.గ్రా. రాగి ఉంటుంది, రోజు అవసరంలో మూడో వంతు. పొటాషియం వంద, ఫాస్ఫరస్ తొంభై మి.గ్రా. దాకా వెంట వస్తాయి. పలాస జీడిపప్పు ఇంటికి సంచుల్లో వచ్చినా ఆ పది పలుకులతో సరి.

ప్రశ్న: నాన్నకు గ్యాస్ మంట. రెండేళ్ళుగా సీసా జెల్ రోజూ మూడుసార్లు తాగుతున్నారు. ఇంట్లో పులుసు సత్తు తపేలాలోనే కాస్తాం. ఈ మధ్య ఈపీఓ పని చేయడం లేదు, ఎముకలు నొప్పులంటున్నారు. సంబంధం ఉందా? – గుణుపురం

జవాబు: ఉండే అవకాశం బాగా ఉంది. సీసా లేబుల్ మీద అల్యూమినియం హైడ్రాక్సైడ్ అని ఉందేమో చదవండి. చాలా జెల్‌లలో అదే ఉంటుంది, పక్కన మెగ్నీషియం కూడా. పది మిల్లీలీటర్ల మోతాదుకు అల్యూమినియం వంద మిల్లీగ్రాములకు పైనే పోతుంది. తిండి ద్వారా రోజంతా వచ్చేది కొన్ని మిల్లీగ్రాములే. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది. మీ నాన్నగారిలో ఆ దారి మూసుకుపోయింది. అది ఎముకల్లో, మూలుగలో, మెదడులో పేరుకుంటుంది. మూలుగలో చేరితే ఐరన్ ఉన్నా హిమోగ్లోబిన్ తయారు కాదు. ఎర్రకణాలు చిన్నవి అవుతాయి, వాటి సైజును చెప్పే ఎంసీవీ పడిపోతుంది. ఫెరిటిన్ బాగుండి ఎంసీవీ తక్కువగా ఉంటే తలసీమియా లక్షణంతో (జబ్బు లేకుండా జన్యువు మాత్రమే ఉండటం, ట్రెయిట్) పాటు దీన్నీ గుర్తు చేసుకోవాలి. మాట తడబడటం, చేతులు ఉన్నట్టుండి ఎగిరిపడటం మొదలైతే మెదడుకు సోకిందన్నమాట, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

జెల్ ఆపేయండి, బదులు ఏది వాడాలో డాక్టరును అడగండి. సుక్రాల్‌ఫేట్ వద్దు, దానిలోనూ అల్యూమినియమే. నీళ్ళలో వేస్తే పొంగే పొడి, నిమ్మరసం జెల్‌తో కలిస్తే మరీ చేటు. సిట్రేట్ అల్యూమినియాన్ని పేగులోంచి రక్తంలోకి ఎన్నో రెట్లు ఎక్కువగా లాగుతుంది. సీరం అల్యూమినియం లీటరుకు 20 మైక్రోగ్రాముల లోపు ఉండాలి. 60 దాటి లక్షణాలుంటే అల్యూమినియాన్ని పట్టి బయటికి తీసే డెఫెరాక్సమిన్ ఇచ్చి చూస్తారు. కిలోకు 5 మి.గ్రా. అనే చిన్న మోతాదుతో, పెద్ద కేంద్రంలోనే. ఆ మందుతో మ్యూకర్ అనే ఫంగస్ సోకే ప్రమాదం ఉంది, అందుకని ఊరి క్లినిక్‌లో వేయించకూడదు.

సత్తు (అల్యూమినియం) తపేలా సంగతి జెల్ ముందు చిన్నదే. అయినా చింతపండు పులుసు, టమాటా, మజ్జిగ పులుసు పులుపుతో గిన్నె లోహాన్ని కరిగిస్తాయి. ఆయన వంటకు స్టీలు గిన్నె గానీ మట్టికుండ గానీ పెట్టండి. అన్నం, పప్పు వండుకోవడం వల్ల అంతగా ఏమీ కాదు.

ప్రశ్న: తుఫాను తర్వాత మేం వెళ్ళే సెంటరులో ట్యాంకరు నీళ్ళు వాడారు. ఆ రోజు ముగ్గురికి డయాలసిస్‌లో నడుం నొప్పి, ఆయాసం వచ్చాయి, గొట్టంలో రక్తం రంగు మారిందన్నారు. తర్వాత రక్తం బాగా పడిపోయింది. నీళ్ళకూ రక్తానికీ ఏమిటి సంబంధం? – ఇచ్ఛాపురం

జవాబు: మనిషి వారానికి తాగే నీళ్ళు పద్నాలుగు లీటర్లు అనుకోండి. ఒక్క డయాలసిస్‌లో నిమిషానికి 500 మి.లీ. చొప్పున నాలుగు గంటలకు 120 లీటర్ల ద్రవం రక్తం పక్కనుంచి పారుతుంది. మధ్యలో ఉన్నది పల్చటి పొర ఒక్కటే. పేగులాగా వడపోసి వద్దన్నదాన్ని ఆపే శక్తి దానికి లేదు. అందుకే తాగడానికి మంచివైన నీళ్ళు డయాలసిస్‌కు విషం కావచ్చు. ట్యాపు నీళ్ళలో క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. మిగిలి ఉండాలని మన ప్రమాణం. డయాలసిస్ నీటిలో మొత్తం క్లోరిన్ 0.1 దాటకూడదు. రాగి 0.1, జింకు 0.1, అల్యూమినియం 0.01 మి.గ్రా. దాటకూడదు.

మీరు రాసినది ఎర్రకణాలు గొట్టంలోనే చితికిపోవడం కావచ్చు. ఒకే రోజు ఒకే గదిలో ఒకరి కంటే ఎక్కువమందికి వచ్చిందంటే మొదట అనుమానించాల్సింది నీటినే. నీళ్ళు బురదగా ఉన్నప్పుడు, తుఫాను తర్వాత క్లోరిన్, పటిక రెండూ ఎక్కువ వేస్తారు. క్లోరిన్ అమ్మోనియాతో కలిసి ఏర్పడే క్లోరమిన్‌ను ఆర్‌ఓ సరిగా ఆపలేదు, ఆపాల్సింది దానికి ముందుండే కార్బన్ ట్యాంకులు. రెండు ట్యాంకులు వరసగా ఉండాలి, నీళ్ళు వాటిలో మొత్తం పది నిమిషాలు నిలవాలి. కార్బన్ పాతబడితే క్లోరమిన్ నేరుగా రక్తంలోకి చేరుతుంది. రాగి పైపుల నుంచి రాగి కరిగి ఇలాగే రక్తం చితికిన సంగతి 1970లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. 1996లో కురసావ్ దీవిలో కొత్తగా వేసిన పైపు లోపలి సిమెంటు పూత నుంచి అల్యూమినియం కరిగి పదిమంది డయాలసిస్ రోగులు చనిపోయారు. మళ్ళీ వాడే డయాలైజర్‌లో శుభ్రపరిచే రసాయనం మిగిలినా, ద్రవం మరీ వేడెక్కినా, గొట్టం మడతపడినా ఎర్రకణాలు చితుకుతాయి.

గొట్టంలో రక్తం ద్రాక్షసారాయిలా పారదర్శకంగా మారి, రోగికి ఛాతీలోనో నడుములోనో నొప్పి వస్తే వెంటనే పంపు ఆపాలి, గొట్టాలు బిగించాలి. గొట్టంలో ఉన్న రక్తాన్ని తిరిగి ఒంట్లోకి పంపకూడదు. అందులో పొటాషియం విపరీతంగా ఉంటుంది. వెంటనే పొటాషియం, హిమోగ్లోబిన్, కణాలు చితికితే పెరిగే ఎల్‌డీహెచ్ చూడాలి, ఈసీజీ తీయాలి. గదిలో మిగతా మిషన్లు కూడా ఆపి నీళ్ళు పరీక్షించాలి.

సెంటరులో మీరు అడగదగ్గ ప్రశ్నలు మూడు: ప్రతి షిఫ్టుకు ముందు కార్బన్ ట్యాంకు తర్వాతి నీటిలో క్లోరిన్ చూసి రిజిస్టరులో రాస్తున్నారా? లోహాల పరీక్ష చివరిగా ఎప్పుడు జరిగింది? నీటి వనరు మారినప్పుడు మళ్ళీ చేశారా? 2018 తిత్లీలాంటి తుఫాను మన తీరానికి కొత్త కాదు. ట్యాంకరు నీళ్ళు వాడక తప్పని రోజు మళ్ళీ వస్తుంది. ఈ మూడూ అడగడం మీ హక్కు, మొహమాటపడకండి.

ప్రశ్న: మా బావగారికి సికిల్ సెల్ ఉందని చిన్నప్పుడు చెప్పారు. ఇప్పుడు డయాలసిస్. ఈపీఓ బరంపురంలో కొని బస్సులో తెచ్చుకుంటాం. పనిచేయడం లేదు. – జయపురం

జవాబు: ముందు ఉన్నది జబ్బా, లక్షణం (జన్యువు ఒకవైపు నుంచే రావడం, ట్రెయిట్) మాత్రమేనా తేల్చాలి. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించండి, రక్తం ఎక్కించి మూడు నెలలు దాటాక. లక్షణం మాత్రమే అయితే హిమోగ్లోబిన్ ఇంతగా పడదు, వేరే కారణం వెతకాలి. జబ్బే అయితే హిమోగ్లోబిన్ 10 దాటించకూడదు, రక్తం చిక్కబడి నొప్పులు, గడ్డలు వస్తాయి. కొరాపుట్, రాయగడ వైపు మలేరియా కూడా ఉంది కాబట్టి జ్వరం వస్తే రక్తపూత చూడాలి. మలేరియా మందు ప్రైమాక్విన్ ఇచ్చే ముందు జీ6పీడీ అనే ఎంజైమ్ పరీక్ష తప్పదు.

ఈపీఓను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. జయపురం ఘాట్ దారిలో ఎండలో గంటల తరబడి చేతిసంచిలో ఉన్న ఇంజెక్షన్ మీద నమ్మకం పెట్టుకోలేం. ఐస్ ప్యాకులున్న చిన్న డబ్బాలో, ప్యాకుకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి తేవాలి. గడ్డకట్టినా పాడవుతుంది, గట్టిగా కుదిపినా పాడవుతుంది. ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో కాకుండా లోపలి అరలో పెట్టండి. ఇంతకుముందు బాగా పనిచేసి ఉన్నట్టుండి హిమోగ్లోబిన్ వేగంగా పడిపోతే రెటిక్యులోసైట్ (కొత్తగా పుట్టిన ఎర్రకణాల) లెక్క చేయించండి. అది మైక్రోలీటరుకు 10,000 లోపు ఉంటే మందుకు వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టాయేమో చూడాలి. అప్పుడు ఏ కంపెనీ ఈపీఓ అయినా ఆపాల్సిందే.

ప్రశ్న: రాగి చెంబులో నీళ్ళు, సెలీనియం మాత్రలు, ఊళ్ళో ఇచ్చే భస్మాలు రక్తానికి మంచివంటున్నారు. – ఛత్రపురం

జవాబు: రాత్రి చెంబులో పోసిన ఉత్త నీళ్ళలోకి దిగే రాగి తక్కువే, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన తాగునీటి హద్దయిన లీటరుకు 2 మి.గ్రా.కు చాలా లోపు. మీకిచ్చిన నీళ్ళ కొలతలోపే తాగండి. మజ్జిగ, నిమ్మరసం మాత్రం అందులో పోయకండి. సెలీనియం డయాలసిస్‌లో తక్కువగానే ఉంటుంది, కానీ అందరికీ మాత్ర ఇస్తే మేలని రుజువు లేదు. మోతాదు కాస్త మించితే గోళ్ళు, జుట్టు రాలతాయి. భస్మాలు వద్దే వద్దు. నాగభస్మం అంటే సీసం, తామ్రభస్మం అంటే రాగి, రససిందూరంలో పాదరసం. సీసం హిమోగ్లోబిన్ తయారీనే అడ్డుకుంటుంది. ఇప్పటికే వాడి ఉంటే సీసం పరీక్ష చేయించండి.

ప్రశ్న: అన్నయ్యకు రెండు సీసాల రక్తం ఎక్కించమంటున్నారు. వదిన కిడ్నీ ఇస్తానంటోంది. రక్తం కూడా ఆమే ఇవ్వొచ్చా? – రాయగడ

జవాబు: ఆవిడ రక్తం ఇవ్వకూడదు, మిగతా దగ్గరి బంధువులూ ఇవ్వకపోవడం మంచిది. ఎక్కించిన రక్తంలోని తెల్లకణాలకు ఆయన ఒంట్లో యాంటీబాడీలు పుడితే రేపు అదే కిడ్నీని తిప్పికొడతాయి. ఆయాసం, ఛాతీ నొప్పి లేకుండా కేవలం అంకె తక్కువని అయితే, ఈపీఓ, ఐరన్ సరిచేసే వ్యవధి ఉందా అని అడగండి. ఎక్కించక తప్పకపోతే తెల్లకణాలు తీసేసిన రక్తం కావాలని బ్లడ్ బ్యాంకుకు రాయించండి. డయాలసిస్ జరుగుతుండగానే ఎక్కించమనండి, అదనపు నీరు, పొటాషియం అక్కడే తీసేయవచ్చు. ఒక్కో సీసాతో 200 నుంచి 250 మి.గ్రా. ఐరన్ ఒంట్లో చేరుతుంది. తేదీ, సీసాల సంఖ్య డయాలసిస్ పుస్తకంలో రాసిపెట్టి, తర్వాత ఐరన్ ఇంజెక్షన్ రాసేటప్పుడు డాక్టరుకు ఆ పేజీ చూపించండి.